మందపాటి డ్రాయింగ్ కాగితం: బరువు అంకె చూసి తీసుకుంటే సరిపోతుందా?

సిరాచుక్క:

అందరికీ నమస్కారం. నేను ప్రధానంగా కలంతో, సిరాతో బొమ్మలు గీసి, గీత పూర్తిగా ఆరిన తరువాత దాని మీద పలుచని నీటిరంగు పూస్తుంటాను. మొదట్లో వాడిన 150 జీఎస్ఎం డ్రాయింగ్ షీట్లు తడి తగలగానే ముడతలు పడుతుండడంతో, మందం పెరిగితే ఆ బాధ తీరుతుందని 300 జీఎస్ఎం కాగితానికి మారాను. రెండు వేర్వేరు తయారీల కట్టలు తీసుకున్నాను. రెండింటి మీదా బరువు ఒకటే, రెండింటి మీదా నీటిరంగులకు తగినదనే రాసి ఉంది. అయితే ఒకదాని మీద సన్నని గీత గీసింది గీసినట్టే నిలుస్తుండగా, రెండవదాని మీద అదే కలంతో, అదే సిరాతో గీసిన గీత ఇరువైపులా పాయలుగా పాకిపోతోంది. పైగా ఆకాశం వంటి పెద్ద జాగాను ఒకేసారి తడిపితే రెండు కాగితాలూ మధ్యలో ఉబ్బి, రంగు పల్లానికి చేరి మరకలు కడుతోంది. ఇంతకూ ఈ 300 అనే అంకె మనకు ఏం చెబుతుంది, ఏం చెప్పదు? మందపాటి కాగితం తప్పనిసరి అయిన పనులేవో, అక్కర లేని పనులేవో కూడా అనుభవం ఉన్నవారు వివరించగలరు.

తడికుంచె:

సిరాచుక్క గారూ, ఆ అంకె చెప్పేది ఒక్కటే: ఆ కాగితం చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. జీఎస్ఎం అంటే అదే. ప్రింటర్లలో పెట్టే మామూలు కాగితం 70, 80 గ్రాముల దగ్గర ఉంటుంది. పెన్సిల్ పనికి వాడే కార్ట్రిడ్జ్ కాగితాలు సుమారు 130 నుంచి 220 వరకు దొరుకుతాయి. నీటిరంగుల కోసం చేసేవి ఎక్కువగా 190, 300, 425, 640 గ్రాముల బరువుల్లో వస్తాయి.

బరువు వేరు, మందం వేరు. అదే 300 గ్రాముల కాగితాన్ని వేడి చేసిన రోలర్ల మధ్య నొక్కితే నునుపుగా, గట్టిగా, కాస్త పలుచగా తయారవుతుంది. దానినే హాట్ ప్రెస్ అంటాము. వేడి లేకుండా ఫెల్టు అనే ఉన్ని గుడ్డల మధ్య నొక్కితే ఓ మోస్తరు గరుకుతో కోల్డ్ ప్రెస్ వస్తుంది. ముతక ఫెల్టు ఆనవాళ్లను అణచివేయకుండా అలాగే ఉంచితే అది రఫ్. మూడింటినీ వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే రఫ్ కాగితమే మందంగా తోస్తుంది, తూకంలో మాత్రం మూడూ ఒకటే.

కొన్ని కట్టల మీద గ్రాములకు బదులు పౌండ్లు ఉంటాయి, అక్కడ మరింత జాగ్రత్త అవసరం. నీటిరంగుల కాగితం విషయంలో 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉన్న 500 షీట్లు ఎన్ని పౌండ్లు తూగుతాయో అదే లెక్క. ఆ ప్రకారం 140 పౌండ్లంటే 300 జీఎస్ఎం, 300 పౌండ్లంటే సుమారు 640 జీఎస్ఎం. అచ్చు కాగితాలకు మూల పరిమాణం వేరు కనుక పౌండ్ల అంకె ఒకటే అయినా గ్రాములు మారిపోతాయి. ఉదాహరణకు అట్టలకు వాడే 80 పౌండ్ల కవర్ కాగితం సుమారు 216 జీఎస్ఎం ఉంటే, లోపలి పేజీలకు వాడే 80 పౌండ్ల టెక్స్ట్ కాగితం 118 జీఎస్ఎం దగ్గరే ఆగుతుంది. పౌండ్లను నమ్ముకుని పోల్చేవారు అందుకే తికమక పడుతుంటారు. నా మట్టుకు నేను గ్రాములు రాసి లేని కట్టను ముట్టుకోను.

బొగ్గుపుల్ల:

మందపాటి కాగితం మీద ఇటీవల మోజు మరీ పెరిగిందని నా అభిప్రాయం. నేను చేసేది బొగ్గు పని, కొంత పాస్టెల్. ఈ రెండింటికీ బరువు కన్నా గరుకు ముఖ్యం. బొగ్గు పొడి కాగితం గుంటల్లో చిక్కుకుని నిలవాలి. నున్నని హాట్ ప్రెస్ మీద అది నిలవక, చెయ్యి తగిలిన చోటల్లా చెరిగిపోతుంది. 100 నుంచి 120 జీఎస్ఎం ఉన్న గరుకు కాగితం నా పనికి చాలు. ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సూరా తన నల్లని కోంటే క్రేయాన్ చిత్రాలను మిషాలే అనే గీతల కాగితం మీద వేశాడు. ఆ కాగితపు మిట్టలకే క్రేయాన్ అంటుకుని, పల్లాలు తెల్లగా మిగిలిపోవడం వల్లనే ఆ బొమ్మల్లో మసక వెలుతురు కనిపిస్తుంది. అక్కడ పని చేసింది కాగితపు అల్లిక, బరువు కాదు.

మందం అక్కరకు వచ్చే సందర్భం నాకు ఒక్కటే ఉంది. పాస్టెల్‌ను పొరల మీద పొరలుగా వేసి, మధ్య మధ్య గట్టిగా దులిపి, రబ్బరుతో పదే పదే చెరిపేటప్పుడు పలుచని కాగితం పైన నూగు లేచి చిరుగుతుంది. అలాంటి బొమ్మలకు 160 పైన ఉన్నది తీసుకుంటాను.

కాగితాలపెట్టె:

సిరాచుక్క గారి మొదటి సమస్యకు జవాబు బరువులో లేదు, సైజింగ్‌లో ఉంది. నేను పాత చిత్రాలను, పత్రాలను భద్రపరిచే పని చేస్తాను కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

కాగితమంటే ప్రాథమికంగా సెల్యులోజ్ పీచుల అల్లిక. సెల్యులోజ్‌కు నీరంటే ఎంతో ఇష్టం. ఏ పదార్థమూ కలపకుండా వదిలేస్తే అది అద్దుడు కాగితంలా సిరాను పీల్చేస్తుంది. ఆ పీల్చుకునే గుణాన్ని అదుపు చేయడానికి గుజ్జులోనే కొన్ని పదార్థాలు కలుపుతారు, ఇది లోపలి సైజింగ్. తయారైన షీటును జెలటిన్ లేదా గంజి ద్రావణంలో ముంచి ఆరబెట్టడం పై సైజింగ్. మేలైన నీటిరంగుల కాగితాల్లో చాలావాటికి రెండూ చేస్తారు. మీ మొదటి కట్టలో సిరా పైనే నిలబడి ఆరుతోంది, రెండవ కట్టలో పీచుల సందుల్లోకి దిగి వాటి వెంట పాకుతోంది. సైజింగ్ తక్కువగా ఉండి ఉండవచ్చు, లేదా కట్ట చాలాకాలం తేమలో నిల్వ ఉండి ఉన్న సైజింగ్ కాస్తా చెడిపోయి ఉండవచ్చు. రెండింటి మూలల మీద చెరొక నీటి చుక్క వేసి చూడండి. చుక్క గుండ్రంగా నిలిచి నెమ్మదిగా ఇంకితే సైజింగ్ బాగున్నట్టు. వేసిన వెంటనే పరుచుకుని ముదురు మచ్చగా మారితే దాని మీద కలం పని పెట్టుకోకండి.

పీచు ఎక్కడిదన్నది ఇక రెండవ విషయం. పత్తి నుంచి తీసిన పీచులో సెల్యులోజ్ దాదాపు శుద్ధంగా ఉంటుంది, పీచు కూడా పొడవు, కనుక తడిసినా, గీకినా తట్టుకుంటుంది. కలప గుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. దానిని తొలగించకుండా చేసిన కాగితం వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. వార్తాపత్రికలు కిటికీ పక్కన కొద్దిరోజులకే రంగు మారడానికి కారణం అదే. అయితే లిగ్నిన్ తీసేసిన కలప గుజ్జుతో మన్నికైన కాగితం చేయవచ్చు. కలప అనగానే తీసిపారేయనక్కరలేదు. దానికి మించిన శత్రువు ఆమ్లం. 1807లో మోరిట్జ్ ఇల్లిగ్ అనే జర్మన్ రోజిన్ అనే చెట్టు బంకనూ పటికనూ కలిపి గుజ్జులోనే సైజింగ్ చేసే పద్ధతిని ప్రకటించాడు. యంత్రాలకు అది చాలా అనువుగా కుదిరింది, కానీ పటిక వల్ల మిగిలే ఆమ్లం పీచును కొద్దికొద్దిగా తెంచుతూ పోతుంది. పందొమ్మిదో శతాబ్దపు చివరి పుస్తకాలు తాకితే పొడిపొడిగా రాలడానికి ముఖ్యకారణం ఇదే.

మన్నిక కావాలంటే అట్ట మీద "ఆమ్లరహితం" అన్న మాటతో ఆగకుండా, ఐఎస్ఓ 9706 ప్రమాణం ప్రస్తావన ఉందేమో చూడండి. ఆ ప్రమాణం కాగితంలో కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షార నిల్వ ఉండాలని కోరుతుంది. గాలిలోంచి తరువాత చేరే ఆమ్లాన్ని అది విరిచేస్తుంది.

సిరాచుక్క:

కాగితాలపెట్టె గారూ, చుక్క పరీక్ష చేశాను. మొదటి కట్ట మీద నీటి చుక్క చాలాసేపు పూసలా నిలిచింది, రెండవదాని మీద వేసీ వేయగానే మచ్చగా పరుచుకుంది. ఆ కట్టను బొగ్గు పనికి మళ్లిస్తాను. ఇక ఉబ్బు సంగతి మిగిలింది. సైజింగ్ బాగున్న కాగితం కూడా ఎందుకు ఉబ్బుతోంది?

తడికుంచె:

తడిసిన పీచు పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా మాత్రం బాగా ఉబ్బుతుంది. యంత్రం మీద వేగంగా సాగే కాగితంలో పీచులు ఎక్కువగా ఒకే దిశకు తిరిగి ఉంటాయి కనుక, తడిసినప్పుడు షీటు ఆ దిశకు అడ్డంగా పెరుగుతుంది. చేతితో చేసిన కాగితంలో పీచులు అన్ని దిశలకూ చెల్లాచెదురుగా ఉంటాయి. నెమ్మదిగా తిరిగే సిలిండర్ అచ్చు మీద చేసే మౌల్డ్ మేడ్ కాగితం ఈ రెండింటికీ మధ్య రకం. మీరు ఆకాశం మాత్రమే తడిపినప్పుడు ఆ భాగం పెరుగుతుంది, పొడిగా ఉన్న చుట్టుపక్కల భాగం పెరగదు. పెరిగిన భాగానికి పక్కకు జరిగే చోటు లేక పైకి లేస్తుంది. 300 జీఎస్ఎం ఈ పెరుగుదలను తగ్గిస్తుందే తప్ప ఆపలేదు. 640 అయితే షీటు బిగువే దానిని అణచిపెడుతుంది, బిగించకుండానే వాడుకోవచ్చు.

300కు, అంతకు తక్కువ బరువుకు ముందుగా షీటును సాగదీసి బిగించడమే మార్గం. చల్లని నీళ్లున్న తొట్టిలో షీటు మొత్తం మునిగేలా కొన్ని నిమిషాలు ఉంచండి. వేడినీళ్లు వద్దు, పైనున్న జెలటిన్ కరిగిపోతుంది. ఒక మూల పట్టుకుని పైకెత్తి నీరు కారనిచ్చి, మందపాటి ప్లైవుడ్ పలక మీద పరచండి. తడిపితే అంటుకునే గోధుమరంగు కాగితపు టేపును, సగం షీటు మీదకూ సగం పలక మీదకూ వచ్చేలా నాలుగు అంచులకూ అంటించండి. మామూలు మాస్కింగ్ టేపు ఇక్కడ పనికిరాదు, తడి కాగితానికి అది పట్టదు. ఆరేదాకా పలకను పడుకోబెట్టే ఉంచాలి; నిలబెడితే నీరు కింది అంచుకు దిగి అక్కడ టేపు ఊడుతుంది. అప్పటికి షీటు అలలు తేలి భయపెట్టినా తొందరపడి ముట్టుకోవద్దు. ఆరే కొద్దీ పీచులు కుంచించుకుని, చివరకు డప్పు చర్మంలా బిగుసుకుంటుంది. ఆ తరువాత ఎంత తడిపినా, ఉబ్బినదంతా ఆరేసరికి మళ్లీ చదునవుతుంది. బొమ్మ పూర్తిగా ఆరేవరకు పలక నుంచి కోయకండి.

ఇంత శ్రమ వద్దనుకుంటే నాలుగు వైపులా అంచులు జిగురుతో అతికించిన బ్లాకులు ఉన్నాయి. చిన్న పరిమాణాలకు అవి చక్కగా సరిపోతాయి, పెద్దవాటిలో మధ్యభాగం లేస్తూనే ఉంటుంది.

అచ్చుపలక:

ఇప్పటివరకు అందరూ సైజింగ్ ఎక్కువ ఉన్న కాగితాన్నే మెచ్చుకున్నారు. ఎచింగ్, అంటే లోహపు పలక మీద గీసి అచ్చుతీసే పని, చేసేవారికి కావలసింది దాదాపు దీనికి విరుద్ధం. రాగి లేదా జింకు పలక మీద గీసిన సన్నని గాళ్లలో సిరా ఉంటుంది, కాగితం ఆ గాళ్ల లోపలికి దిగి సిరాను పైకి తేవాలి. అందుకు కాగితాన్ని ముందుగా తడిపి, అద్దుడు కాగితాల మధ్య ఉంచి, పైన మెరిసే నీరు పోయి లోపలి తేమ మాత్రం మిగిలేలా చేస్తాము. అప్పుడు ప్రెస్ రోలరు కిందికి దానిని ఉన్ని దుప్పట్లతో సహా పంపిస్తే, మెత్తబడిన పీచు గాళ్లలోకి ఒదుగుతుంది. గట్టి సైజింగ్ ఉంటే అది మెత్తబడదు, గీతలు తెగితెగి పడతాయి. ఇక్కడ 250, 300 జీఎస్ఎం బరువు అడగడానికి కారణం వేరు: పలక అంచు కాగితంలో లోతైన ముద్ర వేస్తుంది, పలుచని షీటు అక్కడ చిరిగే ప్రమాదం ఉంది.

పెద్ద ముద్రణలకు కాగితం ఎంత ముఖ్యమో చెప్పడానికి జాన్ జేమ్స్ ఆడుబాన్ పక్షుల చిత్రాలు మంచి నిదర్శనం. 1827 నుంచి 1838 వరకు అచ్చయిన ఆ 435 చిత్రాలకు డబుల్ ఎలిఫెంట్ అనే భారీ పరిమాణంలో వాట్మన్ కాగితం వాడారు. రాగి పలకల నుంచి అచ్చుతీసి, ఆపైన చేత్తో నీటిరంగులు వేయాలి. అంటే ఒకే షీటు ముందు ప్రెస్ ఒత్తిడికీ ఆ తరువాత కుంచె తడికీ నిలవాలి.

గీతకారిణి:

మందం ఒకే షీటుగా రావాలని నియమమేమీ లేదన్న సంగతిని ఎవరూ ఎత్తలేదు. సూక్ష్మచిత్రాలు వేసే మొఘల్ చిత్రకారులు వాడిన వస్లీ, పలుచని కాగితాలను పిండి జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించి చేసిన అట్ట. ఇప్పటికీ ఆ పద్ధతిలో చేసేవారు పురుగు పట్టకుండా జిగురులో కాస్త మైలుతుత్తం కలుపుతారు. షీటు ఆరిన తరువాత అకీకు రాయితో రుద్ది రుద్ది నునుపు చేస్తే, ఒక్క వెంట్రుక కొనతో గీసిన గీత కూడా ఎక్కడా తట్టుకోకుండా సాగుతుంది. నేను దాని మీద గువాష్ అనే దట్టమైన నీటిరంగుతో పని చేస్తాను. రంగు దట్టంగా ఉండి నీరు తక్కువ కనుక ఉబ్బు సమస్య దాదాపు రాదు, పైగా పొరలు ఎదురెదురు దిశల్లో లాగుతుండడం వల్ల అట్ట చదునుగా నిలుస్తుంది. బ్రిస్టల్ బోర్డు కూడా ఇలా పొరలు అతికించిందే. సిరా గీతలకు, బొమ్మల కథలకు నునుపు బ్రిస్టల్‌ను మించింది నేను చూడలేదు. సిరాచుక్క గారు తడి తక్కువ వాడే బొమ్మలకైనా దానిని ప్రయత్నించవచ్చు.

పెద్ద బొమ్మల కోసం షీట్లను పక్కపక్కనే అతికించడమూ పాత పద్ధతే. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న లియొనార్డో డావిన్చీ బొగ్గు చిత్రం, కన్య మరియ, పసి ఏసు, పునీత ఆన్, బాల యోహాను ఉన్నది, ఎనిమిది కాగితాలను కలిపి అతికించిన దాని మీద గీసిందే.

బొగ్గుపుల్ల:

ఇవన్నీ బాగున్నాయి గానీ, నేర్చుకునేవారిని మొదటి రోజే పత్తి కాగితం వైపు తోయడం నాకు నచ్చదు. ఖరీదైన షీటు ముందు కూర్చున్నవాడి చెయ్యి బిగుసుకుపోతుంది, పాడవుతుందన్న భయంతో గీత వేయడానికే వెనకాడతాడు. సాధనకు చవక కాగితం దొంతర పక్కన ఉండాలి.

తడికుంచె:

గీతల సాధనకు మీ మాట ఒప్పుకుంటాను, నీటిరంగుల సాధనకు ఒప్పుకోను. నాసిరకం కాగితం మీద రంగు పడగానే ఇంకి అంచు కట్టేస్తుంది; తడి మీద తడి వేసి రెండు రంగులు కలవనిచ్చే వ్యవధి ఉండదు, ఆరిన రంగును తడి కుంచెతో తేల్చి తీయడం కుదరదు. నేర్చుకునేవాడు అది తన చేతి లోపమనుకుని కుంగిపోతాడు. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ తన నీటిరంగు చిత్రాల్లో రంగును గోటితోనో, కత్తి మొనతోనో గీకి తెల్లని వెలుగు తీసేవాడంటే, జెలటిన్ గట్టిగా పట్టిన కాగితం ఉండబట్టే అది సాధ్యపడింది. మెత్తని కాగితం మీద అదే పని చేస్తే నూగు లేచి బొమ్మ చెడుతుంది. మంచి షీటును నాలుగు ముక్కలు చేసి, రెండు వైపులా వాడుకుంటే ఖర్చు బెంగ చాలావరకు తగ్గుతుంది.

పసుపుగిన్నె:

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. 300 జీఎస్ఎం కాగితం మీద తైలవర్ణాలు, యాక్రిలిక్ రంగులు వేయవచ్చా? నాకు కాన్వాస్ కన్నా కాగితం చేతికి వీలుగా ఉంటుంది.

కాగితాలపెట్టె:

యాక్రిలిక్‌కు ఇబ్బంది లేదు, నేరుగా వేయవచ్చు. తైలవర్ణాల సంగతి వేరు. అవిసె నూనె పీచులోకి దిగి, ఆరే క్రమంలో ఆమ్లగుణం సంతరించుకుని కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి, పెళుసు చేస్తుంది. ముందుగా యాక్రిలిక్ జెస్సో (రంగు కింద వేసే తెల్లని ఆధారపు పూత) రెండు పూతలు రెండు వైపులా పూయండి. ఒకే వైపు పూస్తే షీటు అటు వంకర తిరుగుతుంది. నూనె దిగకుండా ప్రత్యేకంగా సైజింగ్ చేసిన తైలవర్ణాల కాగితాలు కూడా ఉన్నాయి, వాటికి జెస్సో అవసరం లేదు. ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్గార్ డెగా రంగులోని నూనెను అద్దుడు కాగితం మీద పీల్చనిచ్చి, మిగిలిన రంగును టర్పెంటైన్‌తో పలుచన చేసి కాగితం మీద వాడేవాడు. రంగు జిగి లేకుండా, పాస్టెల్ దగ్గరి మెత్తదనంతో ఆరేది.

సిరాచుక్క:

షీటును బిగించి వేశాను. ఆకాశం ఒక్క మరక లేకుండా వచ్చింది. అందరికీ కృతజ్ఞతలు. రెండు చిన్న సందేహాలు. బిగించకుండా వేసిన పాత బొమ్మలు వంకరపోయి ఉన్నాయి, వాటిని చదును చేయవచ్చా? షీటుకు ముఖవైపు ఏదో ఎలా తెలుసుకోవాలి?

కాగితాలపెట్టె:

నీటికి చెదరని సిరా, పూర్తిగా ఆరిన రంగు అయితే చదును చేయవచ్చు. బొమ్మను బోర్లించి, వెనకవైపు స్ప్రేతో సమంగా, నీరు కారనంత తక్కువగా తడపండి. కిందా పైనా శుభ్రమైన అద్దుడు కాగితాలు పెట్టి, మీద చదునైన పలక, బరువు ఉంచండి. కొన్ని గంటల తరువాత అద్దుడు కాగితాలు మార్చి మళ్లీ బరువు పెట్టి, ఒకటి రెండు రోజులు కదపకండి. పాస్టెల్, బొగ్గు బొమ్మల మీద మాత్రం ఈ పని చేయవద్దు. చదునైన బొమ్మలను తరువాత నిలబెట్టకుండా పడుకోబెట్టి, మధ్య మధ్య ఆమ్లరహితమైన, నునుపైన పలుచని గ్లాసీన్ కాగితం వేసి దాచండి; మామూలు అట్టపెట్టెలోని ఆమ్లం బొమ్మల్లోకి పాకుతుంది.

తడికుంచె:

ముఖవైపు సంగతి నేను చెబుతాను. షీటును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మూలలో నీటిగుర్తు కనిపిస్తుంది. అక్షరాలు తిరగబడకుండా చదవగలిగే వైపే ముఖమని సాధారణంగా అనుకుంటారు. గుర్తు లేని ముక్క అయితే దీపాన్ని పక్క నుంచి దాదాపు నేలబారుగా పడనివ్వండి. ఒక వైపు తీగల జల్లెడ అచ్చు క్రమబద్ధంగా, రెండవ వైపు ఫెల్టు అచ్చు ఇష్టం వచ్చినట్టు కనిపిస్తుంది. మంచి కాగితానికి రెండు వైపులా సైజింగ్ ఉంటుంది కనుక మీ కలానికి ఏ వైపు హాయిగా సాగితే ఆ వైపే గీయండి. నేను రఫ్ షీట్లలో ఫెల్టు వైపు వాడతాను. సిరా పనికైతే మీరు బహుశా రెండవ వైపే ఇష్టపడతారు.